చిట్టెం

కోనసముద్రం పొలిమేరల
మా మక్కచేను గట్టు మట్టిది కాదు,
చిట్టెం.
నల్లగ, బొక్కలు బొక్కలుగ,
తేనెతుట్టె కాలి గడ్డకట్టినట్టు.
కర్రు తాకితే ఖంగుమంటది.

కలుపుకొచ్చిన లస్మవ్వ అడిగింది:
"గిదంత ఎవలు పోసిండ్రే?"
మావోళ్లే అన్న.
ఎందుకు పోసిండ్రంటే మాత్రం
ముచ్చట సముద్రం దాక పోవాలె.

ఇస్ఫహాను నుంచి ఒకడు వచ్చేటోడంట.
హాజీ బర్ఖుర్దార్ అతని పేరు,
మా తాతకు నోరు తిరగక బరుకుదారయ్య.
బందరుల ఓడ దిగి
ఎడ్ల బిడారు ఎంట నెల నడిచి
మా కొలిమి ముంగట జంపఖానా పరుచుకొని కూసునేటోడు.
ఉత్తగ కొనుక్కపోయే రకం కాదు,
కావలి కాసేటోడు.

ఎర్రమట్టిల ఊక పిసికి చేసిన మూస.
మూసల ఇనుము, తంగేడు పుల్ల, జిల్లేడాకు.
మూతికి మట్టి.
పొద్దు పొడిచి, గూకి, మళ్లా పొడిచేదాక
బర్రెతోలు తిత్తులకు ఊపిరి ఆగొద్దు.
తిత్తులు తొక్కింది మా ఈరవ్వ,
ఎనిమిదో నెల కడుపుతోటి.

బిళ్లకు ఇంత తూకం, మణుగుకు ఇన్ని హొన్నులు,
ఎడ్లకు ఇంత, బందరు సుంకం ఇంత,
అన్నీ ఎక్కినయి బరుకుదారయ్య చిట్టాల.
ఈరవ్వ ఎక్కలే.

సల్లారినంక మూస పగలగొడితే
అరచేతిల పట్టేంత బిళ్ల.
దాన్ని ఎండకు పట్టి, మీసం దాక తెచ్చుకొని చూసేటోడు
ముఖం మీద గీతలు ఎటు పారినయో.
గీత చెదిరిందా, పక్కకు నెట్టుడే.
నెట్టినయే మాకు.
వాటితోనే కొడవలి, పార, ఈతచెట్టు గీసే కత్తి.
నికార్సయినది పాదుషాల నడుముకు పోయింది.
మా జొన్న కోసింది తప్పిపోయిన ఉక్కు.

ఒక ఏడు రాలేదు బరుకుదారయ్య.
మరుసటేడు కూడ.
అక్కడ తక్తు కూలిందని కొందరు,
ఓడ మునిగిందని కొందరు.
అరవై మూసల సరుకు గడ్డివాము కింద
ఎదురుచూసి ఎదురుచూసి తుప్పు పట్టింది.
తర్వాత ఎప్పుడో తెల్లోళ్ల ఉక్కు పెట్టెలల్ల దిగింది, సౌకగ.
కొలిమిల ఉమ్మెత్త మొలిచింది.

మొన్న రాత్రి షార్జా నుంచి తమ్ముడు మొగిలి
ఫోటో పంపిండు.
క్లీనింగ్ కంపెనీ వీసా వాడిది,
ఈ నెల మ్యూజియంల డ్యూటీ.
"అన్నా, ఈ కత్తి మీద నీళ్లు పారుతున్నయే."
చీటిల ఏమున్నదిరా?
"ఇరాన్ పనితనం. ఉక్కు హిందుస్తాన్‌ది. గంతే.
ఈ అద్దం రోజు తుడిచేది నేనే,
వట్టి చేత్తో ముట్టనియ్యరు."
కొంచెంసేపు మాట్లాడలే.
తర్వాత, మన గట్టు మీది పెళ్ల ఒకటి పంపమన్నడు.
ఎందుకో చెప్పలే.

ఆర్మూర్ల కొరియర్ పోరడు
పెళ్లను ట్యూబులైటుకు పట్టి
ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు.
"రాయా, ఇనుమా?"
రెండూ అన్న.
"విలువ గడిల ఏం రాయాలె?"

పెన్ను నా చేతికిచ్చిండు.
నేను పట్టుకొని నిలబడ్డ.
ఎనుక పసుపుకొమ్ముల మూట మోసుకొచ్చినామె
"జెల్ది కానియ్యి బిడ్డా, బస్సున్నది" అన్నది.

పోరడే గుంజుకొని రాసుకున్నడు:
పాత సామాను. యాభై రూపాయలు.

పంపనీకి మాత్రం
రెండువేల నాలుగువందలు తీసుకున్నడు.