సున్న చుట్టే పని

టాంగా రేవులో నా పని సరుకుకి పేరు పెట్టడం.
పేరంటే పేరు కాదు, ఆరంకెలు.
ఓడలోంచి ఏది దిగినా
అది ఏమిటని అడగను,
ఏ వరసలో పడుతుందో చూస్తాను.

మొన్న మంగళవారం కొత్త జాబితా వచ్చింది.
పర్యావరణానికి మేలు చేసే వస్తువులట,
వాటి మీద సుంకం ఎత్తెయ్యాలట.
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో
పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్నారు.
మావాడూ ఒకడు వెళ్ళాడు, అరువు కోటు తొడుక్కుని.
మూడు గదుల్లో ఒకేసారి చర్చలు, మనిషి ఒక్కడు.
ఏ గదిలో లేడో
ఆ గదిలోనే తేలిపోయింది మా సంగతి.

సరే. గాలిమర రెక్క: సున్న.
సౌరఫలకం: సున్న.
మురుగునీరు తోడే పంపు: సున్న.
అదే పంపు రేపు చమురుబావిలో దిగినా సున్నే.
పంపు మనసులో ఏముందో కనిపెట్టే యంత్రం
మా గిడ్డంగికి ఇంకా రాలేదు.

మధ్యాహ్నం మ్వానకోంబో వచ్చింది,
నెత్తిన కిత్తనార మోకుల చుట్టతో.
ముప్పై ఏళ్ళు ఆకు చీరిన చేతులు.
వేలిముద్ర యంత్రం ఆ వేళ్ళని గుర్తుపట్టదు,
గీతలు నారతో పాటే ఊడిపోయాయి.
"నా తాడు ఏ జాబితాలో ఉంది, శెకీఫూ?"
చూశాను, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.
లేదు.
"పారేస్తే రెండు వానలకి మట్టయిపోతుంది.
చేప గొంతుకి అడ్డం పడదు.
ఇంకేం మేలు చెయ్యాలి?"
నియమం చదివి వినిపించాను:
ఎలా పుట్టిందో, ఎలా చస్తుందో లెక్కలోకి రాదు,
ఏం పని చేస్తుందన్నదే లెక్క.
"తాడు కడుతుంది," అంది. "అంతేగా."
నవ్విందో, దగ్గిందో.
నారదుమ్ము ఊపిరిలో ఉన్నవాళ్ళకి
రెండూ ఒకేలా వినిపిస్తాయి.

ఇది ఫిర్యాదు అనుకోకండి.
ఆ సున్నల్లో ఒకటి మా చెల్లెలి ఊరు చేరింది,
కొండ మీద ప్రసూతి గదికి.
కిరసనాయిలు వాసన లేని మొదటి రాత్రి
పుట్టిన పిల్లకి నూరు అని పేరు పెట్టారు.
మా భాషలో వెలుగని అర్థం.
ఆ ఫలకాల కాగితం మీద ముద్ర వేసిన చేత్తోనే
ఆ పిల్లని ఎత్తుకున్నాను.

పది నెలలకి దీపం ఆగింది.
ఫలకం బాగానే ఉంది.
పక్కనున్న పెట్టె, అరచెయ్యంతది,
ఎర్రగా కన్ను కొడుతోంది.
విప్పితే హామీ చెల్లదని రాసుంది దాని మీద
ఐదు భాషల్లో, మాది తప్ప.
సైకిళ్ళు బాగుచేసే హిజా విప్పాడు.
విరిగిందేమీ లేదు.
లోపల తాళం వేసిన ప్రోగ్రాం ఒకటి.
తాళంచెవి సముద్రం అవతల, నెలవారీ అద్దెకి.
తాళంచెవికి సున్న చుట్టమని
ఏ జాబితాలోనూ ఎవరూ రాయలేదు.

మునుపు ఈ ముద్ర పడితే
ఎక్కడో ఒక బడికి సుద్దముక్కలొచ్చేవి.
ఇప్పుడూ అంత బరువుగానే పడుతుంది,
చప్పుడొక్కటే మిగిలింది.
హళ్ళికి హళ్ళి.

సాయంత్రం గాలిమర రెక్కొకటి బయల్దేరింది,
మూడు లారీల పొడుగు.
గేటు దగ్గర మలుపులో
ప్లాస్టిక్ పట్టీ తెగింది ఫట్టుమని.
డ్రైవరు కేకలు. జనం పరుగు.
ఎవరో వచ్చి మ్వానకోంబో చుట్ట పట్టుకుపోయారు,
నాలుగు ముళ్ళు వేసి రెక్కని బిగించారు.
అది కొండల వైపు పోయింది,
తెల్లగా, నున్నగా, సున్న సుంకంతో.

ఆ తాడుని ఖాతాలో ఎక్కించబోతే
దానికంటూ వరస లేదు.
అట్టడుగున ఉన్న గడిలో రాశాను: ఇతరములు.
ఆ గడి అప్పటికే నిండిపోయి ఉంది,
అంచులో ఇరికించాను.

మ్వానకోంబో ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.
"తాడు తిరిగి తెమ్మని చెప్పు," అంది.
"ఏడు బారలు. కొలిచి తీసుకుంటాను."