చక్రం ఎక్కడుందే

గవర్నరుపేటలో అడిగితే నాలుగు వేల రెండొందలన్నాడు,
ఫ్యాను కింద కూర్చుని, తల ఎత్తకుండా.
ఆటపెట్టెకి పదహారు బటన్లు,
బటన్ల కింద పదహారు దీపాలు,
వాటిని వెలిగించి ఆర్పే పాటి బోర్డుకి.

విడిగా ఇవ్వు, నేనే చేసుకుంటానన్నాను.
అప్పుడు తలెత్తాడు.

బుర్రున్న బుల్లి బోర్డు, ఎవరో వాడి వదిలేసింది, నూట ఇరవై.
పదహారు కాళ్ల చిప్పు పద్దెనిమిది,
అరచేతిలో జెర్రిపిల్లలా వెల్లకిలా పడింది.
ట్రాన్సిస్టర్లు నాలుగు, రెండేసి రూపాయలు.
రెసిస్టర్లు ఎనిమిది, రూపాయి చొప్పున.
పావలా చెయ్యవన్నాను. పావలా ఎక్కడుందమ్మా ఇప్పుడన్నాడు.
దీపాలు పదహారు, ముప్పై రెండు.
అన్నీ ఖాళీ అగ్గిపెట్టెలో పోసిచ్చాడు.

పెట్టె సంగతంటారా,
సింగ్‌నగర్లో బుడమేరు నీళ్లు తాగి ఉబ్బిన
మా వదిన బీరువా తలుపు.
ఎంత గరుకు కాగితం రుద్దినా
నడుమెత్తున నీటి గీత పోలేదు.
పోనీలే అని గీత వెంటే కన్నాలు కోశాను.
బటన్లు టానిక్కు సీసా మూతలు.
కరెంటు పాత సెల్లు చార్జరుది.

పదహారింటికి పదహారు తీగలు లాగితే
పెట్టె కడుపు కొబ్బరిపీచు.
నాలుగు అడ్డం, నాలుగు నిలువు, ఎనిమిది చాలు.
ఒక్క వరసే వెలిగించు,
ఆర్పి తర్వాతది, ఆర్పి ఆ తర్వాతది,
సెకనుకి రెండొందల సార్లు చుట్టి రా,
కన్ను కనిపెట్టలేదు.
ఒకే సాంబారు బకెట్టుతో
నాలుగు బంతులూ తిరిగే వడ్డనాయన కూడా ఇంతే,
నా ఆకు ఎండిందని ఎవరూ అనలేరు.

రాత్రి పదింటికి ప్లగ్గు పెట్టాను.
ఎరుపు నొక్కితే ఎరుపు వెలిగింది,
దాని కింద వరసలో పసుపు కూడా,
నిండుగా కాదు, జ్వరం వచ్చిన కళ్లలా.
అతుకులన్నీ ఊడదీసి మళ్లీ అతికాను.
పొగ ముక్కుకెక్కి ఏడుసార్లు తుమ్మాను.
పసుపు ఆరలేదు.

మర్నాడు నాంచారయ్య మేస్త్రి వచ్చాడు,
సోల్డరు తీగ తిరిగిమ్మని.
పదేళ్లు ఆయన దగ్గరే దసరాకి సీరియల్ సెట్లు కట్టాను.
కృష్ణలంక సందుల్లో నెమళ్లు పింఛం విప్పినా,
వినాయకుడి వెనక చక్రం గిర్రున తిరిగినా
అంతా ఆయన డ్రమ్మే.
మోటారుకి బిగించిన చెక్క, చెక్క మీద రాగి రేకులు,
బ్రష్షు రేకుని తాకితే వెలుగు, దాటితే చీకటి,
చిటపట నిప్పురవ్వలు, కాలిన వాసన.

బోర్డు తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు.
"చక్రం ఎక్కడుందే, కోటిరత్నం?"
లోపలే ఉంది మేస్త్రీ,
సున్నా నుంచి మూడు దాకా లెక్కపెట్టుకుని
మళ్లీ సున్నాకొచ్చే అంకె. అదే.
నమ్మినట్టు లేదు.

పసుపు దీపం చూపించాను.
ఎడం కన్ను మూసి చాలాసేపు చూశాడు.
"రేకుకీ రేకుకీ మధ్య సందు వదిలావా?"
రేకుల్లేవు కదా మేస్త్రీ.
"నేను వేలెడు చెక్క వదిలేవాణ్ణి.
అది వదలని ఏడు
నెమలి తోక దాని మెడలో వెలిగింది.
కమిటీ వాళ్లు సగం డబ్బులే ఇచ్చారు."

నేను మాట్లాడలేదు.
వరస మారే ముందు అన్నీ ఆర్పెయ్యి అని
ఒక్క ముక్క రాసి ఎక్కించాను.
సెకనులో లక్షోవంతు చీకటి.
పసుపు పడుకుంది.

"ఎంతయ్యింది?"
నూట ఎనభై ఆరు.
"సోల్డరు నాది. అది కలుపు."
కలిపాను. నూట తొంభై ఎనిమిది.

ఆడమంటే వద్దన్నాడు, స్టూలు లాక్కున్నాడు.
పక్కింటి బాజీ, వాడి చెల్లెలు
మూతలు అరిగిపోయేట్టు నొక్కుతున్నారు.
తెర మీద ఎవరు గెలిచారో ఆయన చూడలేదు.
దీపం వెంట దీపం పోయే దారినే చూస్తూ
చూపుడువేలు గాల్లో
గుండ్రంగా తిప్పుతున్నాడు.