నాలుగు వందల మాటలకు మించకుండా

తనిఖీ వాళ్ళు పంపిన ఫారంలో మొదటి గడి:
కళాశాల గురించి సంగ్రహంగా రాయుడు.
ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"నువ్వే కానిచ్చెయ్ యేసుపాదం,
ముప్ఫయ్యొక్కేళ్ళ బట్టీ దస్తూరీ నీదే కదా" అన్నారు.

వైనతేయ గట్టున పెంకుల కప్పు, ఏడు గదులు.
వరండా గోడ మీద ఎనభయ్యారు వరద గీత
నా భుజం దాకా వస్తుంది.
దాని కింద ఎన్నిసార్లు వేసినా సున్నం నిలవదు.

విద్యార్థులు నూట పన్నెండు. అందరూ మగపిల్లలే.
తెలుగు, చరిత్ర, తర్కం, అర్థశాస్త్రం.
చదివి ఏం చేస్తారని బస్సులో అడుగుతారు.
నేను కిటికీలోంచి చూస్తాను.

జీతాలు కొబ్బరి దింపుని బట్టి.
పదకొండెకరాల తోట, నలభై ఐదు రోజులకో దింపు.
నల్లి పట్టిన ఏడాది
చరిత్ర మాస్టారు రెణ్ణెల్లు
జీతానికి బదులు కాయలే సైకిలుకి కట్టుకెళ్ళారు.
'ఆర్థిక వనరులు' గడి అంగుళం వెడల్పు.
అందులో ఆ సైకిలు పట్టలేదు.

స్థాపించినది యాళ్ళ తాతబ్బాయి గారు.
తొమ్మిది పడవల ఆసామి, వేలిముద్ర.
ధాన్యం పడవ ఓ రాత్రి లాకు దగ్గర ఆగితే
లాంతరు కింద లాకు గుమాస్తా
ఏదో పుస్తకం చదువుకుంటూ
తనలో తనే నవ్వుకుంటున్నాడట.
ఈయన గట్టెక్కి అడిగారట:
"ఆ నవ్వు ఖరీదెంత బాబూ?"
మిగతా కళాశాలలు ఎలా పుట్టాయో నాకు తెలీదు.
మాది అలా.

ఇప్పుడు మూడు వైపులా రొయ్యల చెరువులు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళు చిలుకుతాయి.
గెద్దాడ బులిబాబు కాపలా కాసి, కళ్ళెర్రజేసుకుని వచ్చి
చివరి బల్ల మీద తల వాలుస్తాడు.
తెలుగు మాస్టారు వాణ్ణి లేపరు.
ద్విపద గొంతు తగ్గించి చదువుతారు.
'బోధనా పద్ధతులు' గడిలో ఇదే రాశాను.

మరిడమ్మ సంగతి ఏ గడీ అడగలేదు.
కుండలు నింపుతుంది, గంట కొడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా తర్కం క్లాసు
గుమ్మం అవతల నిలబడి వింటోంది.
ఓ మాఘమాసం పొద్దున్న
"పొగ ఉంటే నిప్పు ఉంటుంది" అని
సోమయాజులు మాస్టారు బోర్డు మీద రాస్తే
బయట చెరువుల మీంచి తెల్లగా లేస్తున్నదాన్ని చూపించి
"మరి దాని కిందేదండీ నిప్పు?" అంది.
పిల్లలు గొల్లుమన్నారు.
మాస్టారు నవ్వలేదు.
బోర్డు చెరిపేసి, కుర్చీలో కూలబడి
"పొగో మంచో ముందు తేల్చుకోవాలి.
ఇవాళ్టికి పాఠం ఇదే" అన్నారు.

ఫారం రెండో పేజీ కోసం
బీరువాలోంచి ట్రస్టు దస్తావేజు తీశాను.
చెదలు కొట్టగా మిగిలిన స్టాంపు కాగితం.
ఏళ్ళ తరబడి నకళ్ళు రాశాను గానీ
అసలు ఎప్పుడూ చదవలేదు, ఒప్పుకుంటున్నాను.
"మా దీవిలోని పిల్లలందరికీ" అని ఉంది నల్లసిరాలో.
'అందరికీ' మీద అడ్డగీత.
'పిల్లల'కి ముందు, పైన ఇరికించి, నీలిసిరాలో 'మగ'.
దస్తూరీ వేరు.
పక్కన పొడి సంతకం లేదు, వేలిముద్ర లేదు.
రిజిస్ట్రాఫీసులో ఏ బంట్రోతునడిగినా చెబుతాడు,
సంతకం లేని కొట్టివేత చెల్లదని.

ఎవరు గీశారో, ఎవరింటి అరుగు మీద గీశారో.
తాతబ్బాయి గారికి చదివి వినిపించారో లేదో.
మా పేటలో మొదటి డిగ్రీ నాది.
మా చెల్లెలు సువార్త నాకంటే బాగా చదివేది.
గట్టు దాకా నాతో వచ్చి, అక్కణ్ణుంచి
కొబ్బరి పీచు మిల్లుకి తిరిగేది.

ఆఖరి గడి:
పురుషులకు మాత్రమేనా? అవును / కాదు.
వర్తించనిది కొట్టివేయుడు.

'అవును' కొట్టేశాను.
పక్కన పొడి సంతకం పెట్టి, తేదీ వేశాను.
జతపరచినవి: దస్తావేజు నకలు, ఒకటి.

మూడో గంట కొడుతోంది మరిడమ్మ.
ప్రిన్సిపాల్ గారింకా చూడలేదు.