అర సెకను

ముమ్మిడివరం మెయిన్ రోడ్డులో నాది జిరాక్సు కొట్టు.
వెనక గోడకి నీలం గుడ్డ, ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు,
సొరుగులో సబ్బుబిళ్ళంత వెండిరంగు కెమెరా.
పూటకి రెండు పెన్సిల్ సెల్లులు తినేస్తుంది.
రేషను కార్డుకీ, పింఛనుకీ, హాల్ టిక్కెట్టుకీ
"గడ్డం పైకెత్తండి, నవ్వకండి" అంటాను.
ఎత్తుతారు. నవ్వరు.
పదహారేళ్ళుగా ఊరిని నవ్వకుండా తీస్తున్నాను.

పోయిన శ్రావణంలో, జల్లు వెలిసిన మధ్యాహ్నం
పంటు సరంగు లంకే ఏసురత్నం
ఒక కుక్కని చంకలో పెట్టుకొచ్చాడు.
వాన నీళ్ళూ, డీజిలు వాసనా, కుక్కా కలిసి స్టూలెక్కాయి.
"ఆయ్, దీనిదొక ఫొటో కావాలండి.
చిన్నది చాలు, పర్సులోకి."
పేరేంటంటే "టిక్కెట్టు" అన్నాడు.
రేవులో ప్రతి మనిషినీ వాసన చూశాకే
పంటు ఎక్కనిస్తుందట.

ఈ కెమెరాతో చిక్కేంటంటే
నేను నొక్కేది ఇప్పుడు, అది తీసేది కాసేపాగి.
మధ్యలో అర సెకను.
మనుషులకి అదొక లెక్క కాదు,
ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.
కుక్కకి అందులో బోలెడు తీరిక:
ఈగని చూడొచ్చు, ఈగని మర్చిపోవచ్చు,
స్టూలు దిగొచ్చు.

మొదటిది: స్టూలు.
రెండోది: స్టూలు, పక్కన తోక.
మూడోదానికి ఫ్లాష్ వేశాను.
కళ్ళు రెండూ పచ్చగా మండాయి,
రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి టార్చి కొట్టినట్టు.
"ఇది మాది కాదండి" అన్నాడు ఏసురత్నం, జడుసుకుని.

ఫ్లాష్ ఆపేశాను. స్టూలు తీసేశాను.
బోర్లా పడుకున్నాను నేల మీద,
పట్టుచీర కాదు గదా, వాయిలే.
అక్కణ్ణించి నా కొట్టుని నేనెప్పుడూ చూళ్ళేదు.
మిషను కింద ఎప్పటిదో రూపాయి బిళ్ళ,
తీయించుకుని ఎవరూ అడగడానికి రాని ఒక ముఖం,
గుమ్మం అవతల సైకిల్ చక్రాలు, తడి చెప్పులు,
బస్సు దిగుతున్న ఎవరివో పట్టీల కాళ్ళు.
ఆ వెలుతురంతా వచ్చి దాని ముక్కు మీద ఆగింది.

బటన్ సగం నొక్కి పట్టుకున్నాను
(కెమెరాకి ముందే చెవిలో వేసి ఉంచడం అన్నమాట,
"కాసుకో, వస్తోంది" అని).
వచ్చింది.
ఇంకా దగ్గరకొచ్చింది.
లెన్సు నాకింది.

అలా ఇరవై ఏడు.
మసక. చెవి. మసక. ఏసురత్నం మోకాలు.
కుదురుగా వచ్చింది ఒక్కటే,
అలిసిపోయి కూర్చుని, గడ్డం పైకెత్తి, నవ్వకుండా.
"ఇదిగో, అచ్చం!" అన్నాను.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"బావుందండి. కాకపోతే ఇది చూపిస్తే
మా రేవులో ఎవరూ గుర్తుపట్టరు."
వెనక్కి జరపమన్నాడు. ఇంకా వెనక్కి.
రెండోదాని దగ్గర ఆపాడు.
స్టూలు, పక్కన తోక.
"ఇదండి. ఇదే అది."
ఇరవై రూపాయలిచ్చి, తడవకుండా
పంటు రసీదుల పుస్తకంలో పెట్టుకుని వెళ్ళాడు.
కుక్క అంతకు ముందే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫొటోలు కత్తిరించే పని మిగిలిపోయింది.
నీలం గుడ్డ ముందు ఒక్కో ముఖం ఎనిమిదేసి సార్లు.
కొబ్బరి దింపు తీసే పల్లయ్య,
పుల్లేటికుర్రు నుంచి వచ్చిన నేతపనాయన,
పరీక్ష తప్పిన పిల్ల.
కత్తెర పట్టుకుని కాసేపు వెతికాను
వీళ్ళ తోకలు ఎక్కడా అని.

మర్నాడు మాచమ్మొచ్చింది, పింఛను ఫొటోకి.
గడ్డం పైకెత్తమన్నాను. ఎత్తింది. నొక్కాను.
ఆ అర సెకనులో
గుమ్మం వైపు తిరిగి, మనవణ్ణి ఒక బూతు తిట్టి,
తిట్టినందుకు తనే నవ్వేసింది.

ఆఫీసుకి పనికిరాదు. మళ్ళీ తీశాను.
మొదటిది తుడిచెయ్యలేదు.