జిల్లేడువలస మీద అంచనా

పొద్దున్న ఎనిమిదిన్నర.
మెళియాపుట్టి ఫోన్లో చెప్పింది: పద్దెనిమిది పాయింట్ రెండు.
పలాస చెప్పింది: నాలుగు.
మధ్యలో జిల్లేడువలసని ఎవరూ అడగరు,
అక్కడ వానమాపకం లేదు.
దగ్గరివాళ్ళ మాటకి బరువెక్కువ,
దూరపువాళ్ళ మాటకి తక్కువ,
సంబంధం గురించి వాకబు చేసినట్టే.
పదకొండు పాయింట్ ఆరు అని నేనే రాస్తాను.
మ్యాపులో ఆ ఊరు లేతాకుపచ్చ అవుతుంది.

పద్ధతి తప్పేం కాదు.
వాన తాడులా తెగిపోదు,
నెమ్మదిగా పలచబడుతుంది అని నమ్మితే చాలు.
ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము ఆరిన ఎద్దుని
నేనెప్పుడూ చూడలేదు మరి.

పంటల బీమా తగాదా వస్తే వెళ్ళాను ఆ ఊరు.
తామాడ చిన్నమ్మడు పెరట్లో రోలు చూపించింది.
"రోహిణిలో అడుగు తడిసింది బావూ.
మిరగలో సగానికొచ్చింది. ఆరుద్ర ఉత్తి ఎండ.
పునర్వసుకి నిండి పొర్లిపోనాది, ఆకు పోసినాం.
ఆ తరవాత రోట్లో
కాకి ముక్కు తడవడానికి నేదు.
ఉభాలే అవనేదు."

రోలు నోటిని జానతో కొలిచాను.
నోరు వెడల్పు, పొట్ట ఇరుకు, లెక్కలోకి రాదన్నాను.
"మరి మీ డబ్బా ఏదీ?"
పడమటికి చూపించాను. తర్వాత తూర్పుకి.
రెండు వైపులా చూసింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.
"ఆ వోనలు మాయి కావు" అంది.

ఉత్తర చూసి ఎత్తర గంప.
ఆ ఊళ్ళో అది సామెత కాదు.
ఉత్తర చూశారు. ఎత్తారు.
గొర్లె సూరప్పడి ఇల్లు, ఆ వరసలో ఇంకో నాలుగు.
పలాస స్టేషన్లో చెన్నై బండికి
సిమెంటు సంచుల్లో బట్టలు, ఒక కుక్కరు.
పేరులోనే వలస పెట్టుకున్న ఊరు.

అక్టోబరులో ఒక రాత్రి వాయుగుండం తీరం దాటింది.
రెండు వందల పది.
మెళియాపుట్టీ పలాసా
ఆ ఏడు మొదటిసారి ఒకే మాట చెప్పాయి,
మధ్యలో నేను రాసిన అంకె కూడా
మొదటిసారి నిజమే అయ్యుంటుంది.
తాళాల మీద పడింది.
నాటని మడుల్లో మోకాలి లోతు నిలిచింది.

ఏడాదంతా కూడితే సగటుకి రెండు శాతం తక్కువ.
మా ఫారంలో దీనికొక మాటుంది: సాధారణం.
రాశాను. కింద సంతకం పెట్టాను.

డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను,
ఆఫీసులో వేరే పని చెప్పి.
రోట్లో చోళ్ళు దంచుతోంది చిన్నమ్మడు.
"ఇప్పుడేటి కొలుత్తావు బావూ?"
సంచిలోంచి గాజు కొలగొట్టం తీశాను,
నా డబ్బుతో కొన్నది, రసీదు లేదు.
చెట్టు కింద కాకుండా,
కోళ్ళు తన్నకుండా ఎక్కడ పెట్టాలో
నాకు తెలీలేదు.

రోకలి గోడకానించి
మహేంద్రగిరి వైపు కాసేపు చూసింది.
"ఆ మూల ఎట్టు.
వత్తే అటునుండే వత్తాది."