గాల్లో ఉన్న పాదం

ఆల్బోర్గ్‌లో ఫిబ్రవరి. మా గది నేలమాళిగలో.
పైన మంచు, కింద ట్రెడ్‌మిల్ బెల్టు రొద.
మోకాలి వెనక గుంటలో ఒక బిళ్ళ అతికిస్తాను,
పిక్క మీద రెండు.
ఇంత చల్లగానా, అంటారు ఎవరొచ్చినా.

బటన్ నొక్కితే చిన్న చురుకు.
కబురు వెన్నుపాము దాకా పోయి, అక్కడే మలుపు తిరిగి,
తల గడప తొక్కకుండానే
పిక్కకు తిరిగొస్తుంది.
ముప్పై మూడు మిల్లీసెకన్లు.
రెప్పపాటులో పదో వంతు.
స్క్రీన్ మీద ఒక గుట్ట లేస్తుంది.

నిలబడి ఉంటే పెద్ద గుట్ట.
నడుస్తుంటే చిన్నది.
పరిగెడితే ఇంకా చిన్నది.
చురుకు మాత్రం అదే, వీసమెత్తు తేడా లేదు.

ఒక్క అడుగు లోపలే ఎన్ని గొంతులు!
మడమ ఆనినప్పుడు గొణుగుడు,
ఒళ్ళు పాదం మీదుగా ముందుకు ఒరిగేకొద్దీ హెచ్చి,
వేళ్ళు నేలను తన్నే ముందు కేక.
పాదం లేచిందా,
చదును గీత.
గాల్లో ఉన్నంతసేపూ
లోపల ఎవరో తలుపు గడియ వేసి ఉంచుతారు.

ఐవిన్ అని, చర్చి కప్పులకు రాగి రేకులు వేసే మనిషి.
నాలుగు వేళ్ళ వెడల్పు దూలం మీద నడిపించాం.
నేల మీద కంటే దూలం మీద
అతని గుట్ట ఇంకా కుంగింది.
భయం ఉన్నచోట కాలు ఎక్కువ ఉలిక్కిపడాలి కదా, అన్నాను.
"అంత ఎత్తున కాలు తన సొంత మాట మాట్లాడితే
కింద తేలతాం"
అన్నాడు సాక్సు తొడుక్కుంటూ.

ఆ రాత్రి వంటింట్లో మోగెన్స్ ఏదో అన్నాడు.
నేను నిలబడి ఉన్నాను.
పెద్ద గుట్టే లేచింది.

తర్వాతి వారం ఆగ్నెతె.
ఎగ్‌హోల్మ్ పడవ మీద ఇరవై ఆరేళ్ళు టికెట్లు చింపిన చేతులు.
పోయినేడు మెదడులో ఒక రక్తనాళం పూడుకుపోయింది.
కుడికాలు తిరిగొచ్చింది గానీ
చెప్పిన మాట వినే రకంగా రాలేదు.
మడమ ఆనితే గుట్ట.
ఒళ్ళు ఒరిగితే గుట్ట.
పాదం గాల్లో ఉన్నా గుట్ట,
పిలవని పేరంటానికొచ్చి
పీట వాల్చుకు కూర్చున్న చుట్టంలా.
అందుకే బూటు ముక్కు నేలకు గీసుకుంటుంది.
అందుకే కారిడార్లో ఆమె రాక
తలుపు తియ్యకముందే నాకు తెలుస్తుంది:
టక్, సర్ర్. టక్, సర్ర్.

వారానికి మూడుసార్లు, పది వారాలు.
ఎదురుగా తెర మీద ఒక నిలువు పట్టీ, దానికి అడ్డంగా గీత.
చురుకు పడగానే పట్టీ లేస్తుంది. గీత దాటితే ఎరుపు,
లోపలే ఉంటే పచ్చ.
ఎలా తగ్గించాలి, అని అడిగింది.
నాకు తెలీదు. తగ్గించండి, అన్నాను.
ముప్పై మూడు మిల్లీసెకన్లలో ఏం ఆలోచిస్తారు ఎవరైనా?
ముందే మనసుని ఎక్కడో ఒకచోట కట్టేసుకోవాలి.

నాలుగు వారాలు ఎరుపే.
ఓసారి యంత్రాన్ని తిట్టింది, ఓసారి నన్ను.
ఐదో వారం ఒక పచ్చ. కాసేపటికి ఇంకొకటి.
ఏం చేశారు?

"పడవ రేవుకు తగలబోతోందంటే
జనమంతా లేచి నిలబడతారు, ఒకరి మీద ఒకరు పడతారు.
నేను తాడు పట్టుకుని
ఊరికే ఉండేదాన్ని.
అదే."

చివరి రోజు కొలతలు రాసుకున్నాను.
గుట్ట పోలేదు. మూడో వంతు తగ్గింది.
రిపోర్టులో ఒక అంకె.
ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని, మఫ్లర్ మర్చిపోయి,
మళ్ళీ వచ్చి తీసుకుని, వెళ్ళింది.
తలుపు మూసుకున్నాక అలవాటుగా చెవి ఒగ్గాను.

టక్, సర్ర్.
టక్.
టక్.
టక్, సర్ర్.
టక్.

లిఫ్టు దగ్గర ఆగిందనుకున్నాను.
మెట్ల వైపు తలుపు చప్పుడైంది.