నంబరు

ఎన్జీవో హోంలో నలభై కుర్చీలేస్తే
ఇరవై రెండు నిండినాయి.
బాడుగ తెర అంచు ఫ్యాను గాలికి ఊగి
యూదుల వీధి మాటిమాటికీ వంకరపోతోంది.
సినిమా వాళ్ల భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో;
మైకు పట్టుకుని తెలుగు చెప్పడం నా పని.

శుక్రవారం పొద్దుగూకుతుంటే
ఒకామె రెండు కొవ్వొత్తులు ముట్టించి
అరచేతుల్తో కళ్లు మూసుకుంది.
"ప్రార్థన" అన్నాను.
"కాదులేప్పా, ఏడుస్తాంది"
పూలబుట్ట కాళ్లకాడ పెట్టుకున్న సుంకులమ్మ.
అక్షరాల మీదే చూపున్న నేను
ఆ భుజాలు చూడనేలేదు.

పిండిని పాయలు తీసి అల్లుతుంటే
కుట్టుమిషన్ల పిల్లలు కిసుక్కుమన్నారు:
"రొట్టెకు గూడా జడేనంటమే!"
పెళ్లైన పిల్ల సొంత జుట్టు దాచి
సవరం తగిలించుకున్నప్పుడు మాత్రం
ఎవరి చెయ్యో ఎవరి తలమీదికో పోయింది.
నెల స్నానానికి ఆమె మెట్లు దిగుతుంటే
చీకట్లో ఒక గొంతు లెక్కగట్టింది:
"పన్నెండు దినాలా? మాకు అయిదే."

తర్వాత ఆ గది.
బల్లకు అవతల గడ్డాల పెద్దమనుషులు ముగ్గురు,
ఇవతల ఒక్కతే.
తొమ్మిదేండ్లుగా తిరుగుతోంది.
మొగుడు తన చేత్తో కాగితం ఇస్తే తప్ప
విడుదల లేదు.
ఆ కాగితానికి తెలుగేమిటి?
విడాకులా, విడుపు చీటీనా?
నేనింకా తడుముకుంటున్నాను,
మూడో వరసలోంచి ఖాసింబీ:
"ఇయ్యడంట. ఇయ్యడు వాడు."

మైకు లేకుండానే హాలంతా వినబడింది.
ఆమె సంగతి మాలో సగం మందికి తెలుసు.
తెలియనట్టే తెరవైపు చూస్తూ కూర్చున్నాం.
మైకు ఒళ్లో పెట్టుకున్నాను.
ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు.

లైట్లేశాక
రిటైరైన డిపో మేనేజరు వన్నూరప్ప లేచి
"అనంతపురంలో ఒక్క యూదుడూ లేడే,
మనకెందుకప్పా ఇది? పాటన్నా లేదు" అన్నాడు.
కాలేజీ సారు నిడివి గురించి చాలాసేపు మాట్లాడాడు.
టీ చల్లారింది.
సుంకులమ్మ మిగిలిన మూరలు
సగం ధరకు అక్కడే అమ్మేసింది.

కుర్చీలు మడుస్తుంటే ఖాసింబీ వచ్చింది.
"ఆ పాపకు కాగితం వచ్చెనా, లేదా?"
"సినిమాలో చూపించలేదమ్మా."
"తీసినోళ్లకు తెలిసుంటాది గదా. అడుగు."
అడుగుతానన్నాను.
తన నంబరు చెప్పింది,
మళ్లీ ఒకసారి చెప్పింది నిదానంగా,
ఒక్కో అంకె దగ్గర ఆగి,
నేను రాసేది చూస్తూ.